తెర చూపిన గొంతు

2034 ఫిబ్రవరి 9, గురువారం ఉదయం. కాకినాడ, సాగరిక వైద్య పరిశోధనాలయం, రెండవ శస్త్రచికిత్స గది. హాజరైనవారు: మత్తువైద్య విభాగాధిపతి, గొంతులో గొట్టం వేసే పరికరాలను పోల్చే అధ్యయనానికి ప్రధాన పరిశోధకురాలు డాక్టర్ మైలపల్లి గంగాభవాని, పరికరాన్ని నిర్మించిన ఇంజనీరు ఉమాపతి, నర్సు రత్నకుమారి, పక్క గదిలో చేతులు కడుక్కుంటున్న సర్జను. బల్ల మీద పడుకుని ఉన్నది మైలపల్లి నూకరాజు, చేపల రేవులో వేలం పాడేవాడు, పిత్తాశయంలో రాళ్ళున్నవాడు, గంగాభవానికి తోడబుట్టిన అన్న.

సొంత మనిషిని అధ్యయనంలో చేర్చుకోకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. వాటిని రాసినవారికి ఆ సంగతి తట్టలేదు. అయినా మత్తులో ఊపిరి అందించే గొట్టాన్ని గొంతులో వేసే పని వేరే డాక్టరు చేత చేయిద్దామని భవాని అనుకుంది. నూకరాజు ఒప్పుకోలేదు.

"నా నోట్లో ఎవురైనా చెయ్యెడితే నా చెల్లే ఎట్టాల. ఇంకోల్లు ఎడితే కొరికేత్తాను."

"మత్తిచ్చాక కొరకలేరండీ," అంది రత్నకుమారి.

"ఐతే మత్తు రాకముందే కొరికేత్తాను. ఇలా తేవమ్మా నీ చెయ్యి."

గది అంతా నవ్వింది. మాస్కు ముఖం మీదికి వచ్చేదాకా ఆ గొంతు నాలుగు గోడలనూ తాకుతూనే ఉంది. రేవులో అతనికి మైకు అవసరం లేదు. గాలి సముద్రం మీదినుంచి ఎదురుకొట్టే రోజున కూడా అతని పాట చివరి ఐసు లారీ దాకా వినిపించేది. "ఒకటోసారి... రెండోసారి..." అన్నాక ఊపిరి బిగబట్టి, మూడోసారిని అల లేచినట్టు సాగదీసేవాడు. ఆ సాగదీతలోనే ఇంకొకడు బెదిరి ధర పెంచేవాడు. చెల్లెలు డాక్టరయ్యింది ఆ సాగదీత వల్లనేనని అతని నమ్మకం. అది నిజం కూడా.

మత్తు పూర్తయింది. మందు ప్రభావానికి ఊపిరి ఆగింది. ఏ రోగికి ఏ పరికరమో ముందే మూసిపెట్టిన కవర్లే తేలుస్తాయి. రత్నకుమారి గోధుమరంగు కవరు చించి లోపలి చీటీ చదివింది: "వీడియో."

చీటీలో 'మామూలు' అని వచ్చి ఉంటే భవాని ఉక్కు అలుగు తీసుకునేది. వంపు తిరిగిన ఆ అలుగు చివర చిన్న బల్బు ఉంటుంది. దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, నాలుకను పక్కకు నెట్టి, రోగి తల దగ్గర వంగి, నోటిలోకి నేరుగా చూడాలి. తరతరాల మత్తువైద్యులు అలాగే చూశారు. వీడియో పరికరంలో అలుగు చివర కెమెరా ఉంటుంది. వంగనక్కరలేదు, తెరను చూస్తే చాలు. ఈ రెండింటిలో ఏది మేలో తేల్చడానికి ఇంతకుముందే చాలామంది ప్రయత్నించారు. సాగరికలో కొత్తగా ఉన్నది ఉమాపతి కెమెరా వెనుక అమర్చినది. దానికి అతడు పెట్టిన పేరు 'పూరణ'.

భవాని అలుగును నోటిలో దించింది. లోపలి తడికి కెమెరా అద్దం మసకబారింది. తెర ఒక్క రెప్పపాటు బూడిదరంగుకు తిరిగి, మళ్ళీ తేటపడింది. గులాబీరంగు గోడల మధ్య రెండు స్వరతంత్రులు ముత్యపు తెలుపులో, ఓరగా తెరిచిన తలుపుల్లా కనిపించాయి.

"ఇప్పుడు కెమెరాకు ఏమీ కనబడటం లేదు మేడమ్," అన్నాడు ఉమాపతి మెల్లగా. "మీకు మాత్రం కనబడుతోంది."

పూరణకు అతడు నలభై వేల గొంతుల చిత్రాలు నేర్పించాడు. ఉమ్మి, ఆవిరి, నెత్తురు అడ్డుపడి కెమెరా గుడ్డిదైన చోటల్లా, అక్కడ ఉండవలసినదేదో అది గీసి నింపుతుంది. గొంతు కదిలితే బొమ్మా కదులుతుంది. ఈ అవసరం అతనికి పుస్తకాల్లోంచి రాలేదు. అతని తల్లి గొంతులో నెత్తురు నిండినప్పుడు దారి కనబడక ఇద్దరు డాక్టర్లు చేతులెత్తేశారు. అప్పుడతను ఇంజనీరింగు చదువుతున్నాడు.

"తంత్రులు కనిపిస్తున్నాయి," అని ఆనవాయితీ ప్రకారం భవాని పైకి చెప్పింది. గొట్టం ఆ తలుపుల మధ్యనుంచి సాఫీగా జారింది. రత్నకుమారి గడియారం ఆపి, పట్టిన సమయం రాసుకుంది. ఆ తర్వాత ఎవరూ తెరను చూడలేదు. గొట్టం దిగాక చూడటమన్నది ఆ వృత్తిలో లేదు.

మార్చిలో నూకరాజు రేవుకు తిరిగి వెళ్ళాడు. నెలాఖరుకు గొంతు కాస్త గీరబోయింది. గొట్టం వేయించుకున్నవారిలో కొందరికి అలా జరుగుతుందని భవాని చెప్పింది. ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలైంది. బోట్లన్నీ లంగరేసుకున్నాయి. చేప గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ రేవులో పాట ఉండదు. గొంతుకు మంచి విశ్రాంతి దొరికిందని అందరూ అనుకున్నారు.

మే నెలలో ఒక ఆదివారం భవాని అన్నగారింటికి భోజనానికి వెళ్ళింది. పచ్చి చేప లేని కాలం కాబట్టి వదిన కాసులమ్మ ఎండు రొయ్యలు, వంకాయ వండింది.

"మీ అన్నియ్య గొంతు ఇన్నావా భవానమ్మా? ఎండ్రకాయి రేకు మీద గీకినట్టుంది. ఈ గొంతుతో పాటెడితే సచ్చిన సేపలు కూడా లేచి సముద్రంలోకి దూకేత్తాయి."

"నీ మాటలకి ఎప్పుడో దూకేసేయి," అన్నాడు నూకరాజు. మాట సగంలో గాలిగా మారింది. అతడు దగ్గి మంచినీళ్ళు తాగాడు.

"గొంతు డాక్టరుకు సూపించమని నేనంటే ఇంటున్నాడా? మా సెల్లి సూసేసింది అంటాడు."

"సూసింది కదే మరి. లోపలికెల్లి సూసింది. ఇంక దానికంటే ఏటి సూత్తాడాడు?"

భవాని ఫోను తీసి, ఫిబ్రవరి నాటి వీడియోను వాళ్ళకు చూపించింది. ముత్యపు తెలుపు తంత్రులు తెరమీద మెరిశాయి. కాసులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింతగా చూసింది.

"నీ లోపల ఇంత శుభ్రంగా ఉందేటి! పైకి ఇలాగ ఏడుత్తున్నావు."

"చూశావుగా వదినా. మచ్చ కూడా లేదు," అంది భవాని. "చుట్ట మానెయ్యి అన్నియ్యా. నిషేధం అయ్యేసరికి సర్దుకుంటుంది."

అతను చుట్ట మానేశాడు. మిరియాల కషాయం తాగాడు. చెల్లెలు స్వయంగా చూసిన గొంతును మరొకరికి చూపించడం ఆమెను అనుమానించడమే అవుతుందని అతని లెక్క. జూన్ మధ్యలో బోట్లు కదిలాయి. మొదటి రోజు కోనాం చేపల పాటలో అతని మూడోసారి సాగలేదు, మధ్యలో తెగింది. మరుసటి వారం అతనికి బ్యాటరీ మైకు కొనిపెట్టారు. జూలైలో బావమరిది పాడితే అతను పక్కన నిలబడి వేళ్ళెత్తి చూపించడం మొదలుపెట్టాడు. భవాని మాత్రం ఆ వీడియోను ఇంకో రెండుసార్లు చూసుకుని నిశ్చింతగా ఉంది.

అధ్యయనం బాగా నడుస్తోంది. వీడియో విభాగంలో గొట్టం త్వరగా దిగుతోంది, పళ్ళకు దెబ్బలు తక్కువ, మొదటి ప్రయత్నంలోనే పని పూర్తవుతోంది. లారీ ప్రమాదంలో దవడ విరిగి, గొంతంతా నెత్తురుతో వచ్చిన డ్రైవరు పూరణ గీసిన బొమ్మ సాయంతోనే బతికాడు. తన భార్య పంపిన కాజాల పెట్టెతో వచ్చి ఉమాపతికి నమస్కారం పెట్టి వెళ్ళాడు.

ఫలితాల పట్టికలో చివరి వరుస పేరు 'అనుకోని అంశాలు'. ఉక్కు అలుగుతో చూసినవారిలో అయిదుగురి గొంతుల్లో చిన్న వాపులో కణుతులో కనబడ్డాయి; వంగి చూసిన డాక్టర్లు ప్రసంగవశాత్తు వాటిని రాశారు. వీడియో విభాగంలో సున్నా. మధ్యంతర సమీక్షలో ఆ సున్నా ముందు భవాని కలం ఆగింది. ఆమె ఆలోచించి, 'వీడియో విభాగంలో అవాంఛనీయ అంశాలేవీ లేవు' అని రాసింది. కమిటీ హర్షం వెలిబుచ్చింది. రోగులను కవర్లు నిష్పక్షపాతంగా పంచాయి కనుక రెండు విభాగాల్లోనూ గొంతులు ఒకేలా ఉండాలన్న మాట, అదే పద్ధతిని పన్నెండేళ్ళు విద్యార్థులకు బోధించిన మనిషికి ఆ క్షణాన గుర్తు రాలేదు.

ఆగస్టు మూడవ వారంలో గర్భసంచి శస్త్రచికిత్సకు ఒక స్కూలు టీచరు వచ్చింది. కవరులో 'వీడియో' అని ఉంది. తెర మీద తంత్రులు తేటగా కనబడ్డాయి. గొట్టం అందుకునేలోపు తెర నల్లబడింది. తీగ వదులైంది.

భవాని తడుముకోకుండా ఉక్కు అలుగు అడిగి తీసుకుని వంగింది. కుడి తంత్రి మీద ద్రాక్ష గింజంత కణుతి ఉంది. ముందు గొట్టం దించి, ఊపిరి అందుతోందని నిర్ధారించుకుంది. తర్వాత నిటారుగా నిలబడింది.

"రత్నం, తీగ సరిచేసి తెర పెట్టు."

ఈసారి కెమెరాతో చూసింది. తెరలో గొట్టం ఉంది. దానికి రెండు పక్కలా తంత్రులున్నాయి. నున్నగా ఉన్నాయి. మళ్ళీ ఉక్కు అలుగుతో చూసింది. కణుతి ఉంది.

"ఉమాపతి గారూ, ఇలా రండి. నా భుజం పక్కనుంచి నోట్లోకి చూడండి."

"నేను డాక్టర్ని కాదు మేడమ్."

"చూడటానికి డిగ్రీ అక్కర్లేదు. వంగండి."

నలభై వేల గొంతులను తెరమీద చూసిన మనిషి, ఒక జీవమున్న గొంతును కంటితో చూడటం అదే మొదటిసారి. లేచేసరికి అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"ఉమ్మి బుడగ అనుకుని ఉంటుంది," అన్నాడు.

"ఎవరు?"

"పూరణ. ఇటువంటివి దానికి నేర్పిన బొమ్మల్లో చాలా తక్కువ. అక్కడ ఉండకూడనిదేదో అడ్డుపడిందనుకుంది. తుడిచేసి, మామూలుగా ఉండేది గీసింది."

"అద్దం మసకబారకపోయినా?"

"మసక అంటే ఏమిటో కూడా అదే నిర్ణయిస్తుంది మేడమ్."

"తుడవకముందు బొమ్మ తీసి చూపించండి."

"ఉండదు. నింపినదే దాస్తాం. అసలుది అప్పటికప్పుడే పోతుంది. అంతంత దాచడం దండగని మనమిద్దరమే నిర్ణయించాం."

టీచరు స్పృహలోకి వచ్చేవరకు భవాని బల్ల దగ్గరే ఉంది. అప్పుడు గౌను విప్పి, ఎవరితోనూ మాట్లాడకుండా రేవుకు బయలుదేరింది. పాట ముగిసిన వేళ అది. నూకరాజు ఖాళీ పెట్టెల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గుటక వేయడానికి మెడ ముందుకు సాచడం ఆమె ఆ రోజే గమనించింది.

"లే అన్నియ్యా. గొంతు డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నువ్వు సూసేవు కదా," అన్నాడు. అది మాటలా లేదు, గాలి బయటికి వచ్చినట్టుంది.

"నేను చూడలేదు," అంది భవాని.

జోగారావు అనే ఆ ముసలి గొంతు డాక్టరు తెరల జోలికి వెళ్ళలేదు. పొడుగు కాడ ఉన్న చిన్న అద్దాన్ని స్పిరిటు దీపం మీద వెచ్చజేసి, నూకరాజు నాలుకను గుడ్డతో పట్టుకుని, "ఈ... అనవయ్యా," అన్నాడు. నూకరాజు అన్నాడు. కుడి తంత్రి కదలలేదు. పుండు దాన్ని దాటి కిందికి పాకింది.

"ఫిబ్రవరిలో చూసి ఉంటే కాస్త గీకి, కరెంటు పెట్టి పోగొట్టేవాళ్ళం," అన్నాడాయన చేతులు కడుక్కుంటూ. తర్వాత భవాని ముఖం చూసి మాట మార్చాడు. ముక్క పరీక్షకు వెళ్ళింది. అది క్యాన్సరని తేలింది. స్వరపేటిక మొత్తం తీసేయాలి. మెడకు చేసిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటాడు. బతుకుతాడు. పాడడు.

పరిశోధనా కమిటీ సమావేశమైంది. ఉమాపతి దోషాన్ని దాచలేదు. పూరణ గీసిన చోటల్లా ఇకపై నీలి చుక్కలు పడేలా మార్చానని చెప్పి, మార్చిన పరికరంతో అధ్యయనం కొనసాగించమని అడిగాడు. వీడియో విభాగంలోని రోగులందరినీ వెంటనే పిలిచి, గొంతులు మళ్ళీ చూడాలని భవాని పట్టుబట్టింది. పరిశోధనాలయ సంచాలకుడు నిబంధనల పుస్తకం తెరిచాడు. బాధితుడైన రోగి సంతకంతో ఫిర్యాదు వస్తే పిలవక తప్పదు. పరిశోధకురాలు చెప్పేది అభిప్రాయం కిందికి వస్తుంది. అందరినీ పిలిస్తే ఊరంతా హడలిపోతుందన్నాడు.

వరండాలో ఉమాపతి ఆమెను ఆపాడు.

"ఆ లారీ డ్రైవరు ఎవరి కళ్ళతో బతికాడు మేడమ్?"

"మీ పూరణతోనే. కాదనను."

"మరి ఆపెయ్యమంటారేం?"

"ఆపమని కాదు, ముందు పిలవమంటున్నాను. వాళ్ళందరికీ మనం 'శుభ్రంగా ఉంది' అని చెప్పి పంపించాం."

అతని తల్లి పోయిన కథ తెలుసు కాబట్టి భవాని అక్కడితో ఆపింది.

ఆ సాయంత్రం భవాని ఫిర్యాదు పత్రాన్ని తనే రాసి, వార్డుకు తీసుకువెళ్ళింది. ఆపరేషను మరునాడు. నూకరాజు మంచం మీద కూర్చుని, కాసులమ్మ చేత చదివించుకుని విన్నాడు. కాసులమ్మ ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. 'ప్రధాన పరిశోధకురాలు డాక్టర్ మైలపల్లి గంగాభవాని నా గొంతు ఆరోగ్యంగా ఉన్నదని చెప్పి, వైద్యము ఆలస్యమగుటకు కారణమైనది.'

"ఇదెవురు రాసేరు?" అన్నాడు నూకరాజు.

"నేనే."

"నీ మీద నువ్వే కేసు రాసుకొచ్చి నన్ను ఏలుముద్ర ఎయ్యమంటావేటే?"

"వేలిముద్ర కాదు, సంతకం. నీకొచ్చుగా."

"నవ్వించకు. నవ్వితే నొప్పి." అతను ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇది ఎడితే నీ ఉజ్జోగం ఉంటాదా?"

"ఉండదనుకుంటా. డాక్టరు పట్టా కూడా కొన్నాళ్ళు ఆపుతారేమో."

"రేవులో నిలబడి అరిసి అరిసి సంపాదించినాను నీ పట్టా. ఇయ్యాల నా గొంతు పోతే పోయింది. అది కూడా పోగొట్టుకోమంటావా? తీసుకుపో ఈ కాయితం."

"అన్నియ్యా, ఇంకా..."

"తీసుకుపొమ్మన్నాను."

కాసులమ్మ కాగితాన్ని మడిచి భవానికి ఇచ్చేసింది. భవాని లేచింది. గుమ్మం దగ్గరికి వెళ్ళాక అతను చిటిక వేసి పిలిచాడు.

"రేపు మత్తు ఎవురిత్తారు?"

"నువ్వెవరిని అంటే వాళ్ళు."

"నువ్వే. దేంతో సూత్తావు?"

"ఇనపదాంతో."

"అద్దీ. వంగి సూడు," అన్నాడు.

ఆమె వంగి చూసింది. పుండు నెత్తురు కారుతూ దారిని సగం మూసేసింది. నెత్తురు తుడుచుకుంటూ, ఆగుతూ, కంటికి దొరికిన సందులోంచి సన్నని గొట్టం దించింది. ఉమాపతి పరికరం అదే గదిలో గుడ్డ కప్పుకుని ఉంది. దానితో అయితే పని త్వరగా అయ్యేదని ఆమెకు తెలుసు. దాన్ని కూడా సిద్ధంగా ఉంచమని రత్నకుమారికి ముందే చెప్పింది. అవసరం పడలేదు.

పది రోజుల తర్వాత, పాలు ముక్కు గొట్టంలోంచి దిగుతుండగా, భవాని అతని పక్కన కూర్చుంది. మెడ ముందు తెల్లని గుడ్డ ఊపిరితో పాటు లేస్తూ పడుతూ ఉంది. కమిటీ తీర్మానం ఆ ఉదయమే వచ్చిందని చెప్పింది. ఫిర్యాదేదీ అందనందున రోగులను పిలిపించనవసరం లేదు. నీలి చుక్కలతో అధ్యయనం సోమవారం నుంచి కొనసాగుతుంది. ఫిర్యాదు కాగితం గురించి ఆమె అడగలేదు.

నూకరాజు పలక అందుకున్నాడు. సుద్దముక్కతో రాశాడు: 'ఎందరు'.

"వీడియోతో మేం చూసినవాళ్ళా? నిన్ను తీసేస్తే రెండు వందల ఇద్దరు. ఒక టీచరును గొంతు డాక్టరుకు చూపించేశాం. మిగతావాళ్ళకి తెలీదు."

అతను పలక తుడిచి మళ్ళీ రాశాడు: 'మన రేవోల్లు'.

"ఉన్నారు. పేర్లు చెప్పకూడదు."

అతను తల ఊపాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, రేవులో ధర తెగే ముందు చూసినట్టు, ఇంకెవరైనా పెంచుతారేమోనన్నట్టు, ఆమె ముఖంలోకి చూశాడు. చెయ్యి పైకెత్తాడు. ఒక వేలు చూపించాడు. ఆగాడు. రెండో వేలు లేపాడు.

"వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు భవానమ్మా," అంది కాసులమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఆడు మూడోది తీసేడంటే ఇంక ఎనక్కి తీసుకోడు."

భవాని అతని వేళ్ళనే చూస్తూ కూర్చుంది.

మూడో వేలు వెంటనే లేవలేదు. పిడికిలిలోంచి మెల్లగా, ఊపిరి మొత్తం పట్టేంత నిదానంగా విచ్చుకుంది. మెడ మీద గుడ్డ ఒక్కసారి బిగిసి వదిలింది. అతను అరచేతిని మంచం పట్టీ మీద చరిచాడు. ఆ చప్పుడుకు పక్క మంచం మనిషి తిరిగి చూశాడు.

భవాని కాగితం, కలం ఇచ్చింది. అతను పలకను ఆనించుకుని, ఒక్కో అక్షరమూ విడివిడిగా సంతకం చేశాడు. సాక్షి గీత మీద కాసులమ్మ చేసింది. భవాని సిరా ఆరేదాకా ఆగి, పాత మడతల మీదే కాగితాన్ని మళ్ళీ మడిచి, తెల్లకోటు లోపలి జేబులో పెట్టుకుని బొత్తాం వేసింది.